బండి ఉన్నట్టుండి చీకటైతే ఎక్కడ వెతకాలి?

రాత్రి తొమ్మిది ప్రాంతంలో, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, చిట్యాల దాటాక ఓ 150 సీసీ బండి డెబ్బైలో పోతోందనుకుందాం. దగ్గలేదు, జర్కు కొట్టలేదు. మీటరు, హెడ్‌లైటు, ఇంజను మూడూ ఒక్కసారే పోయాయి. క్లచ్ పట్టుకుని రోడ్డు వారకి దించి, కీ మళ్లీ తిప్పితే న్యూట్రల్ దీపం కూడా రాలేదు. హారన్ లేదు. సెల్ఫ్ నొక్కితే 'టిక్'మనే చప్పుడైనా లేదు.

ఇలాంటి బండి మర్నాడు షెడ్డుకి చేరాక జరిగే వైద్యం చాలామందికి అనుభవమే. మొదట బ్యాటరీ మారుతుంది. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. ఓ గతుకుల రోడ్డు మీద మళ్లీ ఆగుతుంది. ఈసారి ఆర్‌ఆర్ యూనిట్, అంటే ఇంజను తయారుచేసే కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చే రెగ్యులేటర్ రెక్టిఫయర్, మారుతుంది. మూడోసారికి 'వైరింగ్ కిట్ మొత్తం వేసేద్దాం సార్' అంటారు. కిట్ మార్చాక నిజంగానే బాగవుతుంది. ఎందుకంటే తెగిన ఆ అంగుళం వైరు కూడా పాత కిట్‌తో పాటే చెత్తలోకి పోయింది. జబ్బేమిటో చివరిదాకా ఎవరికీ తెలియదు.

అసలు 'ఉన్నట్టుండి' అన్న మాటలోనే సగం ఆచూకీ ఉంది. బ్యాటరీ ముసలిదవడం, చార్జింగ్ తగ్గడం ఒక్క క్షణంలో జరిగే పనులు కావు. పొద్దున్నే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, బ్రేకు పట్టుకుంటే ఇండికేటర్ కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, హారన్ గొంతు పోతుంది. వారం పది రోజులు బండి చెప్పుకుంటూనే ఉంటుంది. ఏ సూచనా లేకుండా అన్నీ కలిసి పోయాయంటే చాలావరకు తెగింది దారి. కరెంటు తయారయ్యే చోటా నిలవ ఉండే చోటా అంతా బాగానే ఉండి, మధ్యలో ఎక్కడో ఓ స్క్రూ వదులైంది, ఓ తీగ నలిగింది, వైర్లని కలిపే కప్లర్‌లో ఓ పిన్ను చిలుము పట్టింది.

బండి వైరింగ్ చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది కానీ దాని వరస పంటకాలువ వరసే. చెరువు బ్యాటరీ. తూము మెయిన్ ఫ్యూజు. పెద్ద కాలువ ఎర్ర వైరు, అది కీ దగ్గరకి వస్తుంది. కీ దాటాక పిల్లకాలువలు: ఒకటి లైట్లకి, ఒకటి హారన్, ఇండికేటర్లకి, ఒకటి ఇంజనుకి. ఒక్క పొలం ఎండితే ఆ పిల్లకాలువ చూడాలి. ఊరంతా ఎండితే తూము దగ్గరకి పోవాలి. అన్నీ పోయిన బండిలో ప్లగ్గు విప్పి చూడ్డం, చివరి మడిలో దిగి తూము కోసం వెతకడం లాంటిది. ఈ పోలిక ఒక్కచోట మాత్రం సరిపోదు. కరెంటు వెళ్లిన దారి ఒకటైతే, తిరిగి బ్యాటరీకి చేరే దారి ఇంకొకటి ఉండాలి. ఆ రెండో దారి ఫ్రేము, ఇంజను, వాటి నుంచి బ్యాటరీ నెగటివ్‌కి వచ్చే ఒక లావుపాటి తీగ. మెకానిక్కులు 'బాడీ ఎర్తు' అనేది దీన్నే. ఇది తెగినా ఊరంతా ఎండుతుంది. చాలామంది చూడనిదీ ఇదే.

ఏం పోయిందనే దానికన్నా ఏం మిగిలిందో ముందు చూసుకోవడం మేలు. అన్నీ పోతే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్తు, మెయిన్ ఫ్యూజు, కీ లాక్, వీటి మధ్య వైరు. అనుమానితులు అంతే, వెతకాల్సిన దూరం మీటరున్నర. లైట్లు ఉండి ఇంజను ఒక్కటే పోతే ఈ జాబితా అంతా పక్కన పెట్టేయొచ్చు. సెల్ఫ్ నొక్కగానే వెలుగుతున్న దీపాలు కూడా ఆరిపోతే, చిన్న పనులకి సరిపోయే కరెంటు వస్తోంది, పెద్ద పనికి రావడం లేదు: బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ పట్టు సరిగా లేదు.

మిగిలినదాన్ని చదవడానికి బండి ఏ కాలానిదో తెలియాలి. 1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ తరం బండ్లలో హెడ్‌లైటు బ్యాటరీ మీద బతకదు, ఇంజనులోని కాయిల్ నుంచి నేరుగా వెలుగుతుంది. యాక్సిలేటర్ ఇస్తే లైటు పెరగడం, వదిలితే తగ్గడం అందుకే. ఇగ్నిషన్ కూడా బ్యాటరీని అడగదు. పల్లెల్లో ఆ బండ్లు బ్యాటరీ పెట్టె ఖాళీగా ఉండి ఏళ్ల తరబడి తిరగడం కొత్తేమీ కాదు. కాబట్టి ఆ బండికి ఇంజను, హెడ్‌లైటు బాగుండి హారన్, ఇండికేటర్లు మాత్రమే పోతే ఫ్యూజు చూడాలి. కొత్త బండికి ఈ లెక్క చెల్లదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు రావడంతో దాదాపు అన్ని బండ్లకీ కార్బరేటర్ పోయి ఇంజెక్షన్, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు చిమ్మే పద్ధతి, వచ్చింది. పెట్రోలు పంపు తిరగాలన్నా, కంప్యూటర్ మేలుకోవాలన్నా కరెంటు కావాలి. పాత బండిని తోసి స్టార్ట్ చేసిన అలవాటుతో పూర్తిగా చచ్చిన బ్యాటరీ ఉన్న ఇంజెక్షన్ బండిని అర కిలోమీటరు తోస్తే మిగిలేది చెమటే.

మళ్లీ చిట్యాల దగ్గర ఆగిన బండి దగ్గరకి వద్దాం. సైడ్ కవర్ తీసి ముందు పట్టుకోవాల్సింది బ్యాటరీ టెర్మినళ్లని. కళ్లతో చూస్తే చాలదు, వేళ్లతో కదపాలి. బిగుతుగా కనిపించే స్క్రూ కింద తీగ చెవి తిరుగుతుంటే దొంగ దొరికినట్టే. లోపల ఉండే చదరపు నట్టు సగం మరే పట్టి, ఇంజను అదురుకి వదులవడం మామూలు. తెల్లటి పిండి పేరుకుంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరాక బిగించాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పిండీ చిలుమూ మిగతా చోట్ల కన్నా తొందరగా పడతాయి. విప్పాల్సి వస్తే నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఇది చాదస్తం కాదు. పాజిటివ్ విప్పుతున్న స్పానర్ ఫ్రేముకి తగిలితే, నెగటివ్ అప్పటికే ఊడి ఉన్నప్పుడు ఏమీ కాదు. లేకపోతే స్పానర్ అక్కడే అతుక్కుని ఎర్రగా కాలుతుంది.

తర్వాత ఫ్యూజు. చాలా బండ్లలో బ్యాటరీ పక్కనే, సెల్ఫ్ రిలే దగ్గరే ఉంటుంది. ఆ పెట్టెలోనే కంపెనీ ఇచ్చిన స్పేర్ ఫ్యూజు కూడా ఉంటుంది. బండి కొని అయిదేళ్లయినా ఈ సంగతి తెలియనివాళ్లు బోలెడు. రేకు ఫ్యూజులకి రంగే అంకె: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పోయిన ఫ్యూజుని పారేసే ముందు సెల్‌ఫోన్ లైటు వెలుగులో ఒక నిమిషం చూడాలి. లోపల నల్లగా మసిబారి, లోహం చిందినట్టు ఉంటే ఎక్కడో పెద్ద షార్ట్ అయింది. మసి లేకుండా తీగ మధ్యలో కరిగి జారితే లోడు ఎక్కువై మెల్లగా వేడెక్కింది. మసి లేదు, కరగనూ లేదు, సన్నటి పగులు మాత్రం ఉంది అంటే అది ముసలితనం, అదురు. కొత్తది వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. పాత బండ్ల గాజు ఫ్యూజులో ఇంకో మోసం ఉంది. లోపల తీగ నిక్షేపంగా కనిపిస్తుంది కానీ చివరి లోహపు టోపీ దగ్గర అతుకు ఊడి ఉంటుంది. చూపుతో తేలదు, మీటరు పెట్టాల్సిందే.

సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఫ్యూజు బదులు దూర్చే పద్ధతి ఇంకా పోలేదు. ఫ్యూజు పని తాను చచ్చి వైరుని కాపాడటం. వెండి కాగితం చావదు. అప్పుడు చచ్చేది ట్యాంకు కింద నుంచి వెళ్లే వైరు. పైన ఉన్నది పెట్రోలు.

బ్యాటరీ, ఫ్యూజు బాగుంటే కీ లాక్. కీని ఆన్‌లో ఉంచి మెల్లగా అటూ ఇటూ కదిపితే దీపాలు వచ్చి పోతుంటే లోపలి ఇత్తడి పలకలు అరిగాయి, లేదా వాననీళ్లు దిగాయి. దాని తర్వాతి స్థానం హ్యాండిల్ మెడ. మోటార్‌సైకిల్‌లో ఇంతకంటే నమ్మకంగా చెడేచోటు మరొకటి లేదు. వెనక నుంచి వచ్చిన వైర్ల కట్ట మొత్తం అక్కడ వంగి హెడ్‌లైట్ డోములోకి దూరుతుంది. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ అదే చోట వంగుతుంది. ఊళ్లో తిరిగే బండికి రోజుకి వందల వంపులు. పైన తొడుగు సాగి నిలబడుతుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. ఇరవై పోగుల్లో పద్దెనిమిది తెగినా బయటికి ఏమీ తెలియదు. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పుతూ న్యూట్రల్ దీపాన్ని గమనిస్తే చాలు. ఒక వైపు వెలిగి ఇంకో వైపు ఆరిందంటే వెతుకులాట అయిపోయింది.

మీటరు 12 చూపిస్తుంది, దీపం వెలగదు

మల్టీమీటర్ ఇప్పుడు చాలామంది దగ్గర ఉంటోంది. మంచిదే. కానీ ఈ జబ్బులో అది తేలిగ్గా మోసం చేస్తుంది. పోగులన్నీ తెగి, చిలుము పట్టిన కొసలు మాత్రమే ఆనుకుని ఉన్న వైరు చివర మీటరు పెడితే 12.5 వోల్టులు నిక్కచ్చిగా చూపిస్తుంది. 'కరెంటు వస్తోంది, వైరు బాగుంది' అనుకుని మెకానిక్ ముందుకు వెళ్లిపోతాడు. రెండు గంటలు వృథా అయ్యేది ఇక్కడే.

లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. తెగీతెగని ఆ చోట 10 ఓమ్‌ల అడ్డు ఉందనుకుందాం. మీటరు పీల్చే కరెంటు లేశమాత్రం. అంత తక్కువ కరెంటుకి 10 ఓమ్‌లు ఒక అడ్డే కాదు, అందుకే పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది. అదే తీగకి 35 వాట్ల హెడ్‌లైటు తగిలిస్తే కథ మారుతుంది. వెలిగే స్థితిలో ఆ బల్బు అడ్డు దాదాపు 4 ఓమ్‌లు. మొత్తం 14 ఓమ్‌ల మీద 12.5 వోల్టులు పంచుకోవాలి. బల్బు వాటాకి మూడున్నర వోల్టులు వస్తాయి, మిగతా తొమ్మిదీ ఆ తెగిన చోటే ఖర్చవుతాయి. దీపం వెలగదు, ఆ చోట మాత్రం వేడెక్కి ప్లాస్టిక్ కమిలిపోతుంది. కప్లర్లు గోధుమ రంగుకి తిరగడం, వేలితో నొక్కితే పెళుసుగా విరగడం ఈ వేడి వల్లే.

అందుకే పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండే టెస్ట్ బల్బు ఈ పనికి మీటరు కన్నా నిజాయితీపరురాలు. ఇండికేటర్ బల్బు హోల్డరుకి రెండు వైర్లు, ఒకదానికి క్లిప్పు, ఒకదానికి సూది. అది వెలగాలంటే నిజమైన కరెంటు కావాలి, తెగీతెగని తీగ ఇవ్వలేనంత కావాలి. ఇక్కడ ఎల్ఈడీ టెస్టర్ వాడితే మళ్లీ మోసమే. ఎల్ఈడీ అతి తక్కువ కరెంటుకీ వెలిగి ఊరుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్‌కి, సెన్సర్లకి వెళ్లే సన్న వైర్ల మీద ఈ బల్బు పెట్టకూడదు. అది గుంజే కరెంటుకి లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. అక్కడ మీటరే వాడాలి.

బల్బు లేకపోతే మీటరునే సరిగా అడగొచ్చు. కీ ఆన్ చేసి, హారన్ నొక్కి పట్టుకుని, లోడు ఉండగా చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ల మీద 12.4 ఉండి, కీ లాక్ నుంచి బయటికి వచ్చే చోట 4 ఉంటే ఆ రెంటి మధ్యే ఉంది దొంగ. అప్పుడు సగం దూరంలో, ఫ్యూజు తర్వాత చూడాలి. అక్కడ బాగుంటే దొంగ కీ లాక్ వైపు సగంలో, లేకపోతే బ్యాటరీ వైపు సగంలో. మూడు నాలుగు కొలతల్లో చేయెడు వైరు మిగులుతుంది. ఎర్తుకీ ఇదే పద్ధతి: సెల్ఫ్ నొక్కుతూ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కీ ఇంజను లోహానికీ మధ్య కొలిస్తే పాయింట్ రెండు, పాయింట్ మూడు దాటకూడదు. అర వోల్టు దాటితే ఆ తీగ రెండు చివరలూ విప్పి గీకాల్సిందే. ఫ్రేముకి కొత్తగా పెయింట్ వేయించిన బండ్లలో ఎర్తు బోల్టు కింద పెయింట్ పేరుకుని ఉండటం కద్దు.

బ్యాటరీ కూడా ఒక్కోసారి ఉన్నట్టుండి చస్తుందని ఒప్పుకోవాలి. లోపల ఆరు గదులని కలిపే సీసపు అతుకు విరిగితే అంతే. ఖాళీగా కొలిస్తే 12.6 చూపిస్తుంది, కీ తిప్పగానే రెండు మూడు వోల్టులకి కూలిపోతుంది. టెర్మినళ్ల మీదే కొలిచాం కాబట్టి వైరుకి సంబంధం లేదు. ఇప్పుడు బ్యాటరీ మార్చడానికి అర్థం ఉంది.

ఫ్యూజు వేయగానే మళ్లీ పోతుంటే

ఇది వేరే జబ్బు. దారి తెగలేదు, అడ్డదారి పడింది. ఎక్కడో పాజిటివ్ వైరు ఒలిచి ఫ్రేముకి తగులుతోంది. ఒకటి తర్వాత ఒకటి నాలుగు ఫ్యూజులు కాల్చడం కన్నా, ఫ్యూజు స్థానంలో పాత హెడ్‌లైటు బల్బు ఒకటి వైర్లతో తగిలించడం మంచి ఉపాయం. షార్ట్ ఉన్నంతసేపూ ఆ బల్బు నిండుగా వెలుగుతుంది, కానీ బల్బే అడ్డు కాబట్టి మూడు ఆంపియర్లకి మించి కరెంటు పోదు, వైరు కాలదు. అప్పుడు కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏది పీకితే బల్బు ఆరిందో ఆ కొమ్మలో ఉంది షార్ట్. ఈ పరీక్షకి ముందు హెడ్‌లైటు కప్లర్ తీసేయడం మర్చిపోకూడదు. 2017 ఏప్రిల్ తర్వాతి బండ్లకి హెడ్‌లైట్ స్విచ్చే లేదు, ఇంజను నడిచినంతసేపూ వెలుగుతూనే ఉండాలన్న నిబంధన. కీ ఆన్ చేయగానే అది వెలిగే బండ్లలో దాని లోడుకే పరీక్ష బల్బు వెలిగి లేని షార్ట్‌ని చూపిస్తుంది.

షార్ట్‌కి అలవాటైన చోట్లు కొన్ని ఉన్నాయి. ట్యాంకు కింద బ్రాకెట్ అంచు. వెనక మడ్‌గార్డు లోపల టైరు రాసుకునే టెయిల్‌లైట్ వైరు. సీటు కింద ఎలుక పళ్లు. అన్నిటికన్నా ముందు, కంపెనీ తర్వాత వేయించుకున్నవి: ఫాగ్ లైట్లు, పెద్ద హారన్, అలారం, ఫోన్ చార్జర్. కంపెనీ వైరుని బ్లేడుతో గీరి, కొత్త వైరు మెలేసి, పైన నల్ల టేపు చుట్టి వదిలేస్తారు. ఎండాకాలంలో ఆ టేపు జిగురు కరిగి విప్పుకుంటుంది. బండి కథ అడిగేటప్పుడు 'ఈమధ్య ఏం వేయించారు, ఎక్కడ కడిగించారు' అన్న రెండు ప్రశ్నలు ఏ మీటరూ చెప్పని జవాబులు తెస్తాయి. వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు చచ్చిన బండికి ముందు కప్లర్లు విప్పి గాలి కొట్టి ఆరబెట్టాలి.

లైట్లున్నాయి, ఇంజను లేదు

ముందు కిల్ స్విచ్. నవ్వొస్తుంది కానీ, షెడ్డుకి ఆటోలో ఎక్కించుకొచ్చిన బండ్లలో ఇవీ ఉంటాయి. ఎర్ర బటన్‌ని పిల్లలో, పార్కింగ్‌లో పక్కవాడి మోచెయ్యో నొక్కి ఉంటుంది. తర్వాత సైడ్ స్టాండ్ స్విచ్: స్టాండ్ ఎత్తే ఉన్నా బురద పట్టిన స్విచ్ 'దించే ఉంది' అని చెబుతుంది. ఇంజెక్షన్ బండిలో కీ ఆన్ చేయగానే రెండు మూడు సెకన్లు పెట్రోలు పంపు 'గూఁ' అనాలి. ఆ చప్పుడు లేకపోతే పంపు ఫ్యూజు, రిలే చూడాలి. బండి పక్కకి పడి లేచాక స్టార్ట్ కాకపోతే, పడిపోతే ఇంజనుని ఆపే సెన్సర్ తన పని తాను చేసింది. నిలబెట్టి కీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరి.

పాత స్ప్లెండర్ తరం బండ్లలో వ్యవహారం తలకిందులు. అక్కడ ఇంజను ఆపే వైరు కరెంటు తెచ్చేది కాదు, ప్లగ్గుకి నిప్పురవ్వ ఇప్పించే సీడీఐ పెట్టెని ఎర్తు చేసేది. హోండా వంశపు బండ్లలో నలుపు మీద తెల్ల చార ఉంటుంది దానికి. ఆ వైరు తెగితే కీ తీసినా ఇంజను ఆగదు. ఒలిచి ఫ్రేముకి తగిలితే ఇంజను స్టార్ట్ కాదు. సీడీఐ దగ్గర ఆ ఒక్క వైరు పీకి కిక్ కొడితే తేలిపోతుంది. స్టార్ట్ అయిందా, సీడీఐ బంగారంలా ఉంది, కొనక్కర్లేదు. అదే వంశంలో ఎర్తు వైరు ఆకుపచ్చ. వేరే కంపెనీ బండికి ఆ లెక్క పెట్టుకుంటే కొంప మునుగుతుంది.

వేడెక్కాక ఆగి, టీ తాగి వచ్చేసరికి స్టార్ట్ అయ్యే బండికి మాత్రం పల్సర్ కాయిల్‌ని, అంటే నిప్పురవ్వ ఎప్పుడు వేయాలో ఇంజను దగ్గర నుంచి కబురు పంపే చిన్న కాయిల్‌ని, అనుమానించాలి. లోపలి సన్న తీగ వేడికి వ్యాకోచించి విడిపోతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అంతా సరిగ్గానే చూపిస్తుంది. జబ్బు చేసిన వేళే పరీక్షించాలి.

చిట్యాల బండికి దొరికింది మెడ దగ్గర తెగిన ఎర్ర వైరు అనుకుంటే, అతుకు వేసే పద్ధతి కూడా ముఖ్యమే. రెండు చివరలూ మెలేసి టేపు చుడితే ఊరు చేరడానికి పనికొస్తుంది, అంతవరకే. శాశ్వతంగా చేయాలంటే వంగే చోట అతుకు ఉండకూడదు. సోల్డర్ చేసిన వైరు ఆ ముక్క మేర బిరుసెక్కి, దాని అంచునే మళ్లీ విరుగుతుంది. మెడకి ఇవతల ఓ జానెడు, అవతల ఓ జానెడు దాకా పాత వైరు కోసేసి, అంతే లావు కొత్త ముక్క వేసి, రెండు అతుకులూ కదలని చోట్లకి నెట్టి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగాలి. జిప్ టై వేసే ముందు హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పి, వైరు బిగుసుకోవడం లేదని చూసుకోవాలి. ఆ తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, కాస్త ఎక్కువ యాక్సిలేటర్‌లో బ్యాటరీ మీద మీటరు పెడితే 13.5కీ 14.8కీ మధ్య కనిపించాలి. 15 దాటుతుంటే ఆర్‌ఆర్ యూనిట్ పోయింది. 12.5 దగ్గరే నిలిచిపోతే కాయిల్ నుంచి ఆర్‌ఆర్ యూనిట్‌కి వెళ్లే కప్లర్ కాలిందేమో ముందు చూడాలి. చాలా బండ్లలో మూడు పసుపు వైర్లుండే కప్లర్ అది. ఈ కొలతలు తీస్తున్నప్పుడు, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి 'చార్జింగ్ ఉందో లేదో' చూసే పాత అలవాటు మాత్రం ఇంజెక్షన్ బండి మీద ప్రయోగించకూడదు. బ్యాటరీ లేని క్షణంలో ఎగిసే వోల్టేజీకి కంప్యూటర్ పోతే, తెగిన వైరు కన్నా దాని ఖర్చు ఎన్నో రెట్లు.